చూచుటయు, చూపుటయు

దేశాటనము జ్ఞానమునకు హేతువని మన పెద్దలు చెప్పిరి. అయినను దేశము తిరిగినవారందఱును జ్ఞానవంతులగుట లేదు. సంతకు పోయి వచ్చినట్లు కాశికి పోయి వచ్చినవారు కలరు. ఇంటి అరుగుమీదనుండి కదలకయే తమ ఊరి చెఱువు నెవరు త్రవ్వించిరో, గుడి యెప్పుడు కట్టబడెనో, ఏ వీధి యేల ఆ పేరు వహించెనో చెప్పగలిగినవారును కలరు. కంటికి కనబడినదెల్ల చూచినట్లు కాదు. చూపువాడొకడు కావలెను. అతడు చూపదగినదానిని దాపఱికము లేక చూపవలెను. చూచువాడు అడుగదగిన ప్రశ్నను జంకక అడుగవలెను. ఈ మూడును కూడిననాడు ఊరు పుస్తకమగును. లేనినాడు రాళ్లగుట్టగనే మిగులును.

లండను మహానగరము తన్ను తాను చూపుకొనుట యెట్లు నేర్చుకొనెనో, ఆ చూపుటలో ఏ లోపము చాలకాలము నిలిచియుండెనో ఈ వ్యాసమున మొదట చెప్పుదుము. పిమ్మట మా నిజామాబాదు మండలమునందలి బోధనును గూర్చి కొన్ని మాటలు విన్నవింతుము. లండనుకును బోధనుకును పొత్తేమని చదువరులు నవ్వవచ్చును. పొత్తు రెండు విధములుగా నున్నది. అది నేటి రాజధాని, ఇది ఒకనాటి రాజధాని. రెండింటి చరిత్రమునందును చక్కెర కలదు.

నేడు లండనుకు పోవు యాత్రికుడు బ్రిటిషు మ్యూజియమును చూడక మఱలడు. సర్ హాన్స్ స్లోన్ అను వైద్యుడు కూర్చిన పుస్తకములు, ఎండిన మొక్కలు, నాణెములు మొదలైనవానిని అతని మరణానంతరము 1753లో పార్లమెంటు చట్టముచేసి ప్రజలకొఱకు కొనెను. 1759 జనవరిలో ఆ శాల తలుపులు తెఱువబడెను. ప్రవేశమునకు రుసుము లేదు. అయినను అది పేరునకే ప్రజలదిగా నుండెను. చూడగోరువారు ముందుగా అర్జీ పెట్టుకొని చీటీ సంపాదింపవలెను. చీటీ దొరకినపిమ్మట చిన్న చిన్న గుంపులుగా, ఒక ఉద్యోగి వెంట, అతని యడుగులలో అడుగులు వేయుచు నడువవలెను. బర్మింగుహాము పట్టణమున పుస్తకములమ్ముకొని బ్రదుకు విలియం హటన్ అను నతడు 1784లో ఎంతయో ఆశతో వచ్చి, మఱియొకరియొద్ద చీటీని సొమ్మిచ్చి కొని లోనికి పోయెను. ఒక వస్తువును గూర్చి అతడు ప్రశ్నింపగా, అన్నియు చెప్పుచు కూర్చుండుటకు తనకు తీరిక లేదనియు, పేర్లు చాలవానిమీద వ్రాసియే యున్నవనియు వెంటనున్న ఉద్యోగి కసరెను. అటుపిమ్మట ఎవ్వరును నోరు మెదపలేదు. సుమారు అరగంటలో శాల యంతయు తిరిగి బయటపడిరి. చూచిన వస్తువులకంటె చూడనియ్యని పద్ధతియే తన మనస్సున నిలిచినదని హటన్ తన యాత్రాగ్రంథమున మొఱపెట్టుకొనెను.

ఈ వృత్తాంతమును మేము ఇంతగా చెప్పుటకు కారణము కలదు. మన పాఠశాలలలోను ఇట్టి ఉద్యోగులము లేకపోలేదు. పాఠము పుస్తకములోనే యున్నదిగదా, ప్రశ్న యేలయని బాలుని నోరు మూయించు ఉపాధ్యాయునకును, లండను శాలలోని ఆ ఉద్యోగికిని భేదమేమి? చూపుటయు బోధించుటయు ఒక్క వృత్తియే.

ఆ తలుపులు నిజముగా సామాన్యజనులకు తెఱువబడుటకు కారణమైనవారిలో ముఖ్యుడొకడు సంఘసంస్కర్త యగుట మన చదువరులకు ప్రియము గూర్పవచ్చును. థామస్ కుక్ అనునతడు కొయ్యపని నేర్చినవాడు, మద్యపాననిషేధ ప్రచారకుడు. సెలవుదినమున కూలివాడు కల్లంగడికి పోవుటకు మాఱు మఱియెక్కడికైన పోవు మార్గము కల్పింపవలెనని అతడు యోచించెను. 1841 జూలై 5వ తేదీన లెస్టరునుండి లఫ్‌బరోకు, మద్యపాననిషేధ సభకై, సుమారు 500 మందిని మనిషికి ఒక శిలింగు చొప్పున రైలుబండిలో తీసికొనిపోయెను. దూరము పట్టుమని పండ్రెండు మైళ్లైనను లేదు. నేడు ప్రపంచమంతట వ్యాపించిన యాత్రావ్యాపారమునకు బీజము అదియే. 1851లో లండనున మహాప్రదర్శనము జరిగినపుడు, అంతవఱకు తమ గ్రామపు పొలిమేర దాటని శ్రామికులను లక్షకు పైగా అతడు రాజధానికి చేర్చెను. 1855లో యూరపు ఖండమునకు గూడ జనులను నడపెను. వెనుక ప్రభువుల పుత్రులు గురువులను వెంటబెట్టుకొని పారిసు, రోము నగరములను ఏండ్ల తరబడి తిరిగి చదువు ముగించుకొనెడివారు. ఆ భాగ్యము కొంచెము కొంచెముగా నేతవానికిని, కమ్మరికిని, బడిపంతులమ్మకును లభించెను. తోడు లేనిది ఇల్లు కదలరాని స్త్రీలు ఇట్టి యాత్రలలో విశేషముగా చేరుచుండిరి.

జనులు వచ్చినపిమ్మట నగరము మాటలాడుట నేర్చుకొనవలసివచ్చెను. ప్రసిద్ధులు నివసించిన యిండ్లకు వారి పేళ్లు వ్రాసిన పలకలు తగిలింపవలెనని 1863లో పార్లమెంటున విలియం ఎవర్టు సూచించెను. 1867లో మొదటి పలక బైరను కవి జన్మించిన యింటికి తగిలింపబడెను. నేడు ఆ నీలిపలకలు నగరమంతట కానవచ్చును. బెడ్‌ఫర్డు స్క్వేరులో 49వ నంబరు గల యింటిమీద రాజా రామమోహనరాయల పేరు గల పలక యున్నది. బ్రిటిషు మ్యూజియమువారు 1911లో, అనగా హటన్ కసరింపబడిన 127 సంవత్సరములకు, చూపరులకు వివరించి చెప్పుటయే పనిగా గల ఉపన్యాసకుని నియమించిరి. అటుపిమ్మటి కాలమున గైడులకు శిక్షణయు, పరీక్షయు, గుర్తింపుబిళ్లయు ఏర్పడెను. ఆ నగరమున గైడుతనము నేడు గౌరవముగల విద్య.

మనకును చూపువారు లేకపోలేదు. కాశీ, గయ, ప్రయాగలలో తీర్థపురోహితులు, పండాలు, తరతరములుగా యాత్రికులను త్రిప్పుచున్నారు. స్థలపురాణము వారి పాఠ్యపుస్తకము. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ద్విభాషిగా నుండి, 1830 మే నెలలో బయలుదేఱి, హైదరాబాదు, నిర్మల, నాగపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో మఱలివచ్చిరి. క్షేత్రమాహాత్మ్యములతోపాటు బాటలస్థితి, నీటివసతి, దొరకు సరకులు, జనుల యాచారములు మొదలైనవి ఆయన దినదినమును వ్రాసియుంచెను. అది 1838లో కాశీయాత్రచరిత్రమను పేర అచ్చుపడెను. పండా చూపినదానితో తృప్తిపడక, పండా చూపనిదానిని తానుగా చూచిన తెలుగువాడు వీరాస్వామయ్యగారు. ఆ గుణమునే మేము చూపరియొక్క మొదటి గుణమందుము.

లండనును చూచి తెలుగున వ్రాసినవారిలో పోతం జానకమ్మ రాఘవయ్యగారి పేరు మఱువరానిది. ఆమె 1873లో ఇంగ్లండునకు పోయి, తాను చూచినవానిని తెలుగున వర్ణించి, దానిని తానే ఇంగ్లీషు చేసి 1876లో చెన్నపట్టణమున ప్రకటించెను. సముద్రయానము చేసిన పురుషునికే ప్రాయశ్చిత్తము విధించు దినములవి. అట్టి కాలమున ఒక హిందూస్త్రీ ఓడయెక్కి, పరనగరమును తన కన్నులతో చూచి, తన కలముతో వ్రాయుట సామాన్యమైన సాహసము గాదు. అదే 1876లో నిజామురాజ్యపు దివాను మొదటి సాలారుజంగు యూరపు పర్యటనము చేసెను. పారిసులో పడి తొడయెముక విఱిగినను లండనుకు పోయి, ఆ నగర పౌరస్వాతంత్ర్య గౌరవమును పొందెను. రోములో బెంజోనీ యను శిల్పి చెక్కిన మేలిముసుగు రెబెక్కా విగ్రహమును కొనితెచ్చెను. హైదరాబాదులోని సాలారుజంగు మ్యూజియమున అది నేటికిని చూపరుల నాకర్షించుచున్నది. ఒకరు పుస్తకమును, మఱియొకరు పాలరాతిబొమ్మను తెచ్చిరి. బొమ్మను చూచుటకు జనము బారులు తీరుచున్నారు. పుస్తకము పేరు వినినవారు అరుదు. ఇది ఆలోచింపదగిన విషయము.

ఇక లోపమును గూర్చి చెప్పుదుము. లండను టవరున కిరీటములు చూపు చోట కోహినూరు వజ్రమున్నది. అది మన కృష్ణాతీరమునందలి కొల్లూరు గనులలో దొరకినదని ప్రసిద్ధి. 1849లో లాహోరు సంధి షరతులలో ఒకటిగా, పది సంవత్సరముల బాలుడైన దలీపుసింగు మహారాజునుండి అది గైకొనబడెను. 1851నాటి మహాప్రదర్శనమున దానిని చూచుటకు జనులు విరగబడిరి. కాంతి చాలలేదని 1852లో చెక్కింపగా, 186 కారట్ల తూకము 105 కారట్ల చిల్లరకు తగ్గెను. ఈ కథలో తూకమును చెప్పుట సులభము. గనిలో మన్ను త్రవ్వినవారిని గూర్చియు, సంతకము పెట్టిన బాలుని గూర్చియు చెప్పుటయే కష్టము. ఆతిథ్యమిచ్చు నగరము తన సంపదను చూపును. సంపద వచ్చిన త్రోవను చూపుటకు వెనుదీయును.

చక్కెరకథయు ఇట్టిదే. బ్రిటిషు మ్యూజియమునకు మూలపురుషుడైన స్లోన్‌గారి భార్య జమైకాద్వీపపు తోటల యజమానుని వితంతువు. ఆ తోటలలో చెఱకు నఱికినవారు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు. ఆ చక్కెరసొమ్ము స్లోన్‌గారి సంగ్రహములకు తోడ్పడెను. 1802లో వెస్టిండియా రేవులు తెఱచినప్పుడు కట్టిన గిడ్డంగులలో ఆ ద్వీపముల చక్కెర నిలువచేయబడెను. 1897లో తెఱువబడిన టేటు చిత్రశాలను స్థాపించిన హెన్రీ టేటు చక్కెర శుద్ధిచేయు వర్తకుడు. న్యాయముగా చెప్పవలెనన్న, అతడు జన్మించునాటికే ఇంగ్లండులో బానిసవర్తకము నిషిద్ధమై యుండెను. 1834లో బానిసత్వమును రద్దయ్యెను. కాని చెఱకుతోటలకు చేతులు కావలసివచ్చెను. ఆ చేతులు మనదేశమునుండి పోయెను. కోరంగి మొదలైన రేవులనుండి మారిషసుకును, 1860 మొదలు చెన్నపట్టణమునుండి నేటాలుకును ఒప్పందపు కూలీలై పోయినవారిలో మన తెలుగువారనేకులు. లండను దొర తేనీటిలో కలుపుకొనిన చక్కెరలో తెలుగు కూలివాని చెమటయు కలదు.

ఈ సంగతులు ఆ నగరపు గైడులు చాలకాలము చెప్పలేదు. చెప్పుట ఇటీవలనే మొదలైనది. వెస్టిండియా రేవునందలి ఆ పాత గిడ్డంగిలోనే నేడొక మ్యూజియమున్నది. అందు చక్కెరకును బానిసత్వమునకును లండనుతోగల సంబంధమును చూపు శాల 2007లో ఏర్పడెను. ఆ గిడ్డంగి యెదుటనుండిన రాబర్టు మిల్లిగన్ అను బానిసల యజమానుని విగ్రహము 2020 జూనులో తొలగింపబడెను. అదే సంవత్సరమున బ్రిటిషు మ్యూజియమువారు స్లోన్‌గారి ప్రతిమను పీఠముమీదనుండి దింపి, అతని ధనమునకు బానిసత్వముతో గల సంబంధమును తెలుపు వ్రాతతో అద్దాల పెట్టెలో నుంచిరి. విగ్రహములు తీయవలెనా ఉంచవలెనా యని అచ్చట వాదములు జరుగుచున్నవి. మా దృష్టిలో ముఖ్యమైనది ఆ వ్రాత. మహానగరము తన వైభవము ప్రక్కనే తన దోషమును గూడ వ్రాసిపెట్టగలిగినపుడు, చూడవచ్చినవాడు అతిథినుండి విద్యార్థియగును.

ఇక మా సీమకు వత్తము. షోడశ మహాజనపదములలో గోదావరీతీరమున వెలసినది అశ్మక మొక్కటియే. దాని రాజధానియగు పోతనము మా బోధనేయని చరిత్రకారులు పలువురు నిర్ణయించిరి. జైనుల సంప్రదాయమున ఇది బాహుబలి యేలిన పౌదనపురము. అచ్చట భరతచక్రవర్తి నిలిపిన బాహుబలి మహావిగ్రహమున్నదని విని, గంగరాజుల మంత్రియగు చాముండరాయని తల్లి దర్శనముకోరెనట. ఆ చోటు దుర్గమమై, కుక్కుటసర్పములతో నిండి, మనుష్యులకు చేరరానిదైనదని తెలియవచ్చెనట. అందుచేత ఆమె కుమారుడు శ్రవణబెళగొళమున, 981 ప్రాంతమున, గోమటేశ్వరుని నిలిపెనని 12వ శతాబ్దపు శాసనకావ్యమొకటి చెప్పుచున్నది. ఈ కథ నిజమో కల్పనయో యటుండనిండు. లోకప్రసిద్ధమైన ఆ విగ్రహముయొక్క జన్మకథలో, పౌదనపురము చూడబోయి చూడలేకపోయిన యొక తల్లి నిరాశ యున్నది. వెయ్యి సంవత్సరములైనను ఆ నిరాశ పూర్తిగా తీఱలేదు. పాములు లేవు, బాట యున్నది, బస్సు లున్నవి, చూపువాడే లేడు.

ఉన్నయెడల చూపదగినవి కొల్లలు. వేములవాడ చాళుక్యుల మూలపురుషులలో ఒకడగు యుద్ధమల్లుడు బోధనున తైలము నింపిన కొలనులో తన యేనుగులకు స్నానము చేయించెనని పంపమహాకవి వర్ణించెను. రాష్ట్రకూట ఇంద్రుడు కట్టించిన ఇంద్రనారాయణాలయమును 11వ శతాబ్దపు శాసనమొకటి పేర్కొనుచున్నది. భీముడు బకాసురుని చంపిన ఏకచక్రపురమిదేయని జనులు చెప్పుకొందురు. ఊరినడుమ నక్షత్రాకారపు తలముతో, చెక్కడపు స్తంభములతో నున్న కట్టడమునకు దేవళ్ మసీదని పేరు. పేరులోనే దేవళమును మసీదును కలిసియున్నవి. అది మొదట జైనులదో వైష్ణవులదో యని పండితులు వాదింతురు. తుగ్లకుల కాలమున మసీదైనదని చెప్పుదురు. ఇట్టి చోటనే గైడుయొక్క గుణము తెలియును. జరిగినదానిని దాచినవాడు అసత్యము చెప్పినవాడగును. నేటి పొరుగువానిమీద కసి రేగునట్లు చెప్పినవాడు అంతకంటె పెద్ద అపరాధి. రాజులు చేసిన పనికి ఆరువందల ఏండ్ల తర్వాత బీడీలు చుట్టుకొని బ్రదుకు ముసలమ్మ యేమి జవాబు చెప్పగలదు? ఉన్నది ఉన్నట్లు, నెమ్మదిగా, ఏ మతము పిల్లవాడు వినినను తల వంచుకొనవలసిన పని లేకుండ చెప్పుట యొక విద్య. ఆ విద్య నేర్పుటకు మన పాఠశాలలు కాక వేఱొక చోటు లేదు.

పురాతనములతోనే బోధను కథ ముగియదు. మంజీరానదిమీద, నవాబు అలీ నవాజు జంగు పర్యవేక్షణమున, 1923లో మొదలైన నిజాంసాగరు నిర్మాణము 1931లో ముగిసెను. అనేక గ్రామములు నీట మునిగెను. అనేక గ్రామముల పొలములు నీటితో పండెను. కాలువలవెంట చెఱకు వచ్చెను. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి రైతులు వచ్చి, వర్ని, కోటగిరి, బోధను ప్రాంతములలో స్థిరపడిరి. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. దానితోపాటు శక్కర్‌నగరమను ఊరు వెలసెను. ఆసియాలో పేరుగన్న యా కర్మాగారపు కూత గడియారము లేని యిండ్లకు గడియారముగా నుండెను. 2002లో దాని యాజమాన్యమున అధికభాగము ప్రయివేటువారి చేతికి పోయెను. 2015 డిసెంబరులో గానుగ ఆగెను. తిరిగి ఆడింపవలెనను మాట అప్పుడప్పుడు వినబడుచున్నది. అచ్చట పనిచేసి ముదిసినవారు ఇంకను మన మధ్య నున్నారు. చెఱకు బండి తూకమునుండి పంచదార బస్తావఱకు జరుగు పనియంతయు వారి నాలుకమీద నున్నది. వారు పోయినచో ఆ గ్రంథము మరల దొరకదు. లండనువారికి తమ చక్కెరకథ చెప్పుటకు రెండువందల ఏండ్లు పట్టెను. మనము అంతవఱకు ఆగవలెనా?

నిజామాబాదు పట్టణమును అట్లే. దీని పూర్వనామము ఇందూరు. 1905 ప్రాంతమున, రైలు వచ్చినపిమ్మట, నిజాము పేరు పెట్టబడెను. కోటమీద రఘునాథాలయమున్నది. ఆ కోటలోని యప్పటి చెరసాలలో, 1948 ప్రాంతమున, దాశరథి కృష్ణమాచార్యులును వట్టికోట ఆళ్వారుస్వామియు బంధింపబడిరి. కాగితము లేక దాశరథి బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసెను. తిలకు ఉద్యానమున పురావస్తుశాల యున్నది. పట్టణమున పుట్టి పెరిగినవారిలో దానిలో అడుగుపెట్టని వారెందఱో! మన బాలుడు లండను టవరు చిత్రపటమును గుర్తించును. తన పట్టణపు కోటగోడమీద కవి వ్రాసిన సంగతి యెఱుగడు. ఆ లోపము బాలునిది గాదు. మేము ఉపాధ్యాయులము, తలిదండ్రులు మీరు, ఉభయులమును చూపలేదు.

చేయదగినది స్వల్పము. నెలకొక ఆదివారము పాఠశాలలవారు పిల్లలను తమ యూరిలోనే ఒక్క చోటికి నడిపింపవచ్చును. పెద్ద తరగతివాడొకడు ముందుగా చదివి, పెద్దలనడిగి తెలిసికొని, చిన్నవారికి చెప్పవచ్చును. చెప్పినపిమ్మట మూడు ప్రశ్నలకు చోటుండవలెను: దీనిని కట్టించినదెవరు? రాళ్లు మోసినదెవరు? దీనివలన నష్టపోయినదెవరు? మొదటి ప్రశ్నకు శాసనములలో జవాబు దొరకును. తక్కిన రెంటికిని తఱచుగా దొరకదు. అయినను అడుగుట మానరాదు. పాత ఇండ్లకును, పాఠశాలలకును, కర్మాగారపు గేటునకును నాలుగు పంక్తుల పలకలు తగిలించుటకు పురపాలక సంఘములకు పెద్ద వ్యయము కాదు. కర్మాగారపు వృద్ధుల మాటలు వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకము చాలును.

గృహిణులను గూర్చి యొక మాట చెప్పక ముగింపజాలము. మన యిండ్లలో యాత్రయనగా పురుషులు పోయివచ్చి చెప్పుటయు, స్త్రీలు అరిసెలు కట్టియిచ్చి వినుటయు అని యింకను చాలచోట్ల నున్నది. స్త్రీలు పోయినను గుడికే పోవుదురు. గుడిలోను ప్రదక్షిణము చేసి, ప్రసాదము పుచ్చుకొని, గోడమీది శాసనమువంక చూడకయే మఱలుదురు. నూటయేబది ఏండ్లకు పూర్వమే జానకమ్మగారు సముద్రములు దాటి చూచివచ్చి వ్రాసిరి. మన సోదరీమణులు కోట దిబ్బ యెక్కి చూచుట కష్టమా? తల్లి చూచినయెడల బిడ్డ చూచును. తల్లి యడిగిన ప్రశ్నను బిడ్డ జన్మమంతయు అడుగుచుండును.

లండనుకు పోగలవారు పోవుదురుగాక. వారియందు మాకు అసూయ లేదు. పోయినవారు ఆ నీలిపలకలను, ఆ చక్కెరగిడ్డంగిని తప్పక చూచి రావలెనని కోరుచున్నాము. మఱలివచ్చినపుడు నిజామాబాదు స్టేషనులో దిగి, ఇంటికి పోవు త్రోవలో, ఈ యూరిని గూడ అదే కన్నులతో ఒకసారి చూడవలెనని అంతకంటె గట్టిగా కోరుచున్నాము.